బాస్ గిటారు కేబుల్ కొనుగోలు – ఒక లాభనష్టాల లెక్క



మా అక్కగారి మనవడు హోసూరులో బి.కాం. చదువుతూ, సెలవు రోజుల్లో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ బాస్ గిటారు వాయిస్తాడు. పరీక్ష ఫీజు, బస్సు పాసు ఆ సంపాదనలోంచే. ఒక రిసెప్షన్‌లో రెండో పాట మధ్యలో అతని గిటారు మూగబోయింది. ఆ రాత్రి చేతికి సగం డబ్బే వచ్చింది. చెడింది గిటారూ కాదు, ఆంప్లిఫయరూ కాదు. రెంటినీ కలిపే కేబుల్.

"చవకది కొన్నావు, అనుభవించావు" అని మందలించి, బంగారు పూత ప్లగ్గులున్న ఖరీదైన కేబుల్ నేనే కొనిచ్చాను. ఎనిమిది నెలలకు అదీ గరగరలాడింది. రిపేరు చేసే అబ్బాయి ప్లగ్గు విప్పి చూపించాడు. లోపల నాలుగు రాగి పోగులు మాత్రమే అంటుకొని ఉన్నాయి. తీగను పట్టి ఉంచవలసిన బిగింపు వదులుగా ఉంది. "తాతయ్యా, ఈసారి ఎవర్ని మందలిద్దాం?" అన్నాడు మనవడు. బ్యాంకులో ప్రతి నోటునూ వెలుతురుకు పట్టి చూసినవాణ్ణి, కేబుల్‌ను మాత్రం పైమెరుపు చూసి కొన్నాను. ఆ తర్వాత నేర్చుకొన్నదే ఈ పాఠం.

1. కేబుల్ లోపల ఏముంటుంది?

నడుమ సన్నని రాగి పోగుల తీగ; దీనిలో గిటారు నుంచి వచ్చే బలహీనమైన సంకేతం నడుస్తుంది. దాని చుట్టూ ప్లాస్టిక్ పొర. ఆపైన షీల్డు అనే రాగి కవచం. ఇది ట్యూబులైట్లు, మోటార్ల నుంచి వచ్చే రొదను అడ్డుకొంటుంది, సంకేతానికి తిరుగుదారి కూడా ఇదే. అన్నిటికీ పైన రబ్బరు లేక ప్లాస్టిక్ తొడుగు. రెండు చివర్లా పావు అంగుళం ప్లగ్గు. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో ఆపరేటర్లు తీసి పెట్టిన ప్లగ్గు ఈ జాతిదే.

షీల్డు మూడు రకాలు. జడలా అల్లినది దృఢమైనది. ఒకే వైపు చుట్టినది మెత్తగా వంగుతుంది, కాని వాడగా వాడగా పోగుల మధ్య సందులు పడవచ్చు. రేకు చుట్టినది పదేపదే మడిస్తే చిట్లుతుంది; కదలకుండా ఉండే చోటికే మంచిది. వేదిక మీద తొక్కుళ్ళు పడే కేబుల్‌కు అల్లిన షీల్డే మేలు.

2. దేనికి డబ్బు పెట్టనక్కరలేదు?

"ప్రత్యేకమైన శుద్ధ రాగి" అని పెట్టెమీద రాస్తారు. బాస్ ఆంప్లిఫయరు ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా 10 లక్షల ఓముల దాకా ఉంటుంది. 6 మీటర్ల మామూలు కేబుల్ రాగి నిరోధం ఒక ఓము కూడా ఉండదు. పది లక్షల పద్దులో రూపాయి తేడా వంటిది, చెవికి తెలియదు.

బంగారం తుప్పు పట్టదన్నది నిజమే. కాని ఆ పూత పలుచన, మెత్తన. రోజూ తీసి పెడుతుంటే అరిగిపోతుంది. నికెల్ పూత ప్లగ్గును అప్పుడప్పుడు పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

3. పొడవు ఎంత?

ప్రతి కేబుల్‌కూ కెపాసిటెన్స్ ఉంటుంది. మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు అనుకొంటే 3 మీటర్లకు 300, 6 మీటర్లకు 600. ఇది పెరిగేకొద్దీ హెచ్చు స్థాయి ధ్వనులు తగ్గుతాయి. బాస్‌లోని అతి మందమైన తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ గంభీరతకు నష్టం లేదు. వేలు మీటినప్పటి స్పష్టత మాత్రం తగ్గుతుంది.

బ్యాటరీ లేని పాసివ్ గిటార్లలో ఈ తేడా ఎక్కువ. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బాస్ ఈ రకానిదే. లోపల ప్రీఆంప్లిఫయరు ఉన్న యాక్టివ్ గిటార్లలో తేడా తక్కువ. ఇంట్లో సాధనకు 3 మీటర్లు, వేదికకు 6 మీటర్లు సాధారణంగా చాలు.

4. దుకాణంలో పరీక్ష

ప్లగ్గు తొడుగు మరతో విప్పేదిగా ఉండాలి. పోతపోసిన ప్లగ్గు చెడితే కోసి పారేయాల్సిందే. విప్పించి చూడండి: టంకం నున్నగా ఉండాలి, బిగింపు తీగను గట్టిగా పట్టాలి.

మల్టీమీటరుతో మొనకు మొన, ఒంటికి ఒళ్ళు కలిసి ఉన్నాయని, మొనకూ ఒంటికీ మధ్య కలయిక లేదని చూడండి. చూస్తూ చూస్తూ ప్లగ్గు దగ్గర తీగను అటూ ఇటూ వంచండి. తర్వాత ఆంప్లిఫయరుకు తగిలించి కదపండి. గరగర వస్తే వద్దనండి.

స్పీకరు కేబుల్‌ను గిటారుకు వాడకండి. దానికి షీల్డు ఉండదు, రొద వస్తుంది. అలాగే గిటారు కేబుల్‌ను ఆంప్లిఫయరు నుంచి స్పీకరు పెట్టెకు వాడకండి. సన్నని తీగ వేడెక్కి, యంత్రానికే నష్టం రావచ్చు. ప్లగ్గులు ఒకేలా కనబడతాయి గనుక జాగ్రత్త.

5. ఏడాది ఖర్చు

లెక్క నేర్చుకోవడానికి వేసుకొన్న అంకెలు ఇవి. ధరలు మీ ఊళ్ళో విచారించుకోండి.

(అ) రూ. 300, ఆరు నెలలు వస్తుంది, రిపేరుకు లొంగదు: ఏడాదికి రూ. 600.
(ఆ) రూ. 900, అయిదేళ్ళు వస్తుంది, రెండు రిపేర్లకు రూ. 100: మొత్తం 1,000, ఏడాదికి రూ. 200.
(ఇ) రూ. 4,000, అదే అయిదేళ్ళు, అదే రిపేరు: మొత్తం 4,100; ఏడాదికి రూ. 820.

చవకది ఖరీదైంది, ఖరీదైనది ఇంకా ఖరీదైంది. మధ్యది గెలిచింది ధర వల్లే కాదు, రిపేరుకు వీలుండడం వల్ల కూడా. తీగ, ప్లగ్గులు విడిగా కొని తయారు చేసుకోవచ్చు కూడా. చెన్నై రిచీ వీధి, బెంగళూరు ఎస్.పి. రోడ్డు, ముంబయి లామింగ్టన్ రోడ్డు ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరుపొందిన చోట్లు.

6. ఆయుష్షు పెంచే అలవాట్లు

తీగ పట్టి లాగకండి, ప్లగ్గు పట్టి తీయండి. వాయించేటప్పుడు కేబుల్‌ను భుజం పట్టీ లోంచి ఒక చుట్టు తిప్పితే, ఎవరైనా తొక్కినా ప్లగ్గు మీద బరువు పడదు. మోచేతికి బిగించి చుట్టకుండా వెడల్పు చుట్టలుగా పెట్టండి. చాలా యాక్టివ్ గిటార్లలో ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. సాధన ముగియగానే తీసేయండి.

టంకం పెట్టడం పిల్లలకు నేర్పించండి. రోజిన్ ఉన్న టంకమే వాడాలి, ఆమ్లం ఉన్నది వద్దు. ప్లగ్గు తొడుగును ముందే తీగకు ఎక్కించుకోవాలి. మరిస్తే అంతా మళ్ళీ మొదటికే!

మా మనవడు ఇప్పుడు రెండు కేబుళ్ళు తీసుకెళతాడు: ఒకటి వాయించడానికి, ఒకటి సంచిలో. రెండూ తన చేత్తో టంకం పెట్టుకొన్నవే. ఆ తర్వాత కేబుల్ కారణంగా అతని కూలి కోతపడలేదు.

అభ్యాసం

1. రూ. 1,200 కేబుల్ నాలుగేళ్ళు వచ్చి, రిపేర్లకు రూ. 160 అయితే ఏడాది ఖర్చు ఎంత?
2. మీటరుకు 100 పికోఫారడ్ల చొప్పున 9 మీటర్ల కేబుల్ కెపాసిటెన్స్ ఎంత?
3. మీ ఇంట్లో చెడిన తీగ ఒకటి విప్పి, అది ఎక్కడ తెగిందో చూసి రాయండి. నడుమ తెగిందా, చివర తెగిందా?