పరుగుకు ముందు పొడి

జగదల్‌పూర్

బాబూ,

రాయపూర్ హాస్టల్ నుంచి నువ్వు పంపిన డబ్బా ఫోటో చూశాను. పరుగుకి అరగంట ముందు ఇది తాగితే కండలు అలిసిపోవని మీ జిమ్ కుర్రాళ్లు చెప్పారన్నావు. లేబుల్ మీద మూడు పేర్లున్నాయి కానీ ఏది ఎంతో లేదు. నా అనుమానం అక్కడే మొదలైంది.

మొదటిది క్రియాటిన్. దీని కథలో మనవాడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డ్‌లో ఫిస్కే అనే ఆయనతో కలిసి, కండలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో బయటపెట్టారు. అప్పటిదాకా కండ పని అంతా లాక్టిక్ ఆమ్లం చుట్టూనే తిరుగుతుందని పెద్దపెద్దవాళ్లే నమ్మేవారు. మేయర్‌హోఫ్ అనే శాస్త్రవేత్తకి నోబెల్ వచ్చింది కూడా ఆ ఆమ్లం మీద చేసిన పనికే. కండ గట్టిగా పనిచేస్తే ఈ ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ చేరుతుంది. ఒంట్లో ఉన్న నిల్వ పది సెకన్ల జోరుకి సరిపోతుంది, అంతే. రోజుకి 3 నుంచి 5 గ్రాముల చొప్పున కొన్ని వారాలు తీసుకుంటే ఆ నిల్వ పెరిగే మాట నిజమే. అరగంట ముందు తాగింది మాత్రం ఆ పూట పరుగుకి అందదు. పైగా నువ్వు వెళ్లేది సైన్యం భర్తీ ర్యాలీకి, పరిగెత్తేది 1600 మీటర్లు. క్రియాటిన్‌తో ఒంట్లో నీరు చేరి ఓ కిలో బరువు పెరగొచ్చు. ఆ కిలో మోసేది నువ్వే.

రెండోది బీటా అలనిన్. తాగగానే ముఖం చిమచిమలాడుతుంది, మందు పట్టిందని కుర్రాళ్లు మురిసిపోతారు. ఆ చిమచిమకీ సత్తువకీ సంబంధం లేదు. బీటా అలనిన్ పనిచేయడానికీ కొన్ని వారాలు కావాలి.

ఇక కెఫీన్. ఆ పూటే పనిచేసేది ఇదొక్కటే. మోతాదు కిలో బరువుకి 3 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 180. అది అలసటని తీర్చదు. అలిసిపోయామని మెదడుకి తెలియనివ్వదు. ఎంత ఉందో రాయని డబ్బాలోంచి చెంచాడు మింగి ఎండలో గుండెని పరిగెత్తించడం నాకు నచ్చదు.

ఇలాంటి పొడుల్లో నిషేధించిన ఉత్ప్రేరకాలు కలిసిన సందర్భాలూ ఉన్నాయి. 2010 కామన్‌వెల్త్ క్రీడలకు ముందు మనవాళ్లు కొందరు మిథైల్‌హెక్సనమిన్ అనే అలాంటి ఉత్ప్రేరకంతో పట్టుబడ్డారు.

ఖాళీ కడుపుతో మాత్రం పరిగెత్తకు. ఇక్కడ బస్తర్‌లో పొలం పనికి వెళ్లేవాళ్లు తాగే మండియా పేజ్ తెలుసుగా, మన రాగి అంబలికి చుట్టం. పరుగుకి రెండు గంటల ముందు ఓ గ్లాసు చాలు. రాగిపిండి అటు వచ్చేవాళ్లతో పంపిస్తాను.

ఆ డబ్బా ఎవరిచ్చారో వాళ్లకే ఇచ్చెయ్యి. ర్యాలీ రోజు పొద్దున అలవాటు లేనిదేదీ నోట్లో వేసుకోకు.

ఇట్లు,
మీ పెదనాన్న