కిటికీలో మిరప: చవితికి గింజ, సంక్రాంతికి కాయ

చోడంబలి గిన్నె పక్కన ఉల్లిపాయ ముక్క, అప్పుడే తెంపిన పచ్చిమిరపకాయ ఉంటే మన వైపు పొద్దుటి తిండికి ఇంకేం వెతుక్కోం. ఆ కాయ ఇంట్లోనే కాయించుకోవచ్చు. భోగాపురంలో పెరడు లేని అద్దె గదిలో ఉంటున్నా సరే, ఎండ పడే కిటికీ ఒకటి ఉంటే చాలు.

మిరపను ఇంట్లో పెంచడానికి మన తీరంలో గట్టి కారణమే ఉంది. వానలు తగ్గి చలి మొదలయ్యే రోజులు ఈ పంటకు మంచివి. తుపాన్లు వచ్చేదీ అప్పుడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటిన రోజు ఈ ప్రాంతం వాళ్లెవరూ మరిచిపోలేదు. తుపాను రాకపోయినా సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి లేతాకుల్ని మాడుస్తుంది. కుండీ లోపల ఉంటే ఈ బెడదలు తప్పుతాయి. కానీ ఒక్క మాట గుర్తుంచుకోండి: ఇంట్లోకి తెచ్చిన మొక్కకు గాలి, వాన, తేనెటీగ చేసే పనులన్నీ మనమే చేయాలి.

కావలసినవి

• 10–12 అంగుళాల కుండీ, లేదా అడుగున నాలుగైదు చిల్లులు పెట్టిన పాత బకెట్
• ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల గత్తం, కొబ్బరి పొట్టు
• మంచి గింజలు
• వేపనూనె, చిన్న స్ప్రే సీసా

1. ముందు కిటికీ చూసుకోండి

మిరపకు రోజుకు కనీసం 6 గంటల ఎండ కావాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు కాబట్టి దక్షిణపు కిటికీలోంచి ఎండ గది లోపలికి వస్తుంది. మే మధ్య నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు. ఆ రోజుల్లో తూర్పు కిటికీయే దిక్కు. ఎండ చాలని గదిలో తెల్లటి ఎల్‌ఈడీ దీపాన్ని మొక్క కొసకు జానెడు ఎత్తున కట్టి, రోజుకు 12–14 గంటలు వెలిగించండి. రాత్రి మాత్రం చీకటి ఉండాలి.

2. రకం ఎంచుకోండి

గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం ఇచ్చిన ఎల్‌సీఏ 334, ఎల్‌సీఏ 353 వంటివి పొలాల్లో పేరు తెచ్చుకున్నాయి. కుండీకి మాత్రం పొట్టిగా, గుబురుగా పెరిగే పూసా జ్వాల అనువైనది. వంటింట్లోని ఎండుమిరప గింజలు వేసినా మొలవొచ్చు. అయితే అది హైబ్రిడ్ కాయైతే పిల్లమొక్క తల్లిలా కాయదు.

3. చవితి వెళ్లాక గింజ వేయండి

గింజల్ని ఒక రాత్రి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. అడుగున చిల్లు పెట్టిన టీ కప్పుల్లో తడిపిన కొబ్బరి పొట్టు నింపి, కప్పుకు రెండు గింజల చొప్పున అర అంగుళం లోతున వేయండి. మన ఊరి వేడికి వారం, పది రోజుల్లో మొలుస్తాయి. మొలక కనిపించిన రోజే కప్పును ఎండలోకి మార్చండి. నీడలో రెండు రోజులున్నా కాడ సన్నగా సాగి వాలిపోతుంది. నీళ్లు ఎక్కువైతే మొదలు మెత్తబడి నారుకుళ్లు వస్తుంది. కాబట్టి పోయకుండా చిలకరించండి.

4. మట్టి కలపండి, ఉప్పును దూరం పెట్టండి

రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు గత్తం, ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపి గుప్పెడు వేపపిండి వేయండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేలితో తాకితే విడిపోవాలి.

మట్టి గుల్లగా ఉంటుందని ఒకసారి నేను సముద్రపు ఒడ్డు ఇసుక తెచ్చి కలిపాను. మూడు వారాలకు ఆకుల అంచులు కాగితం కాలినట్టు గోధుమరంగుకు తిరిగాయి, కుండీ అంచున తెల్లటి పొర కట్టింది. అది ఉప్పు. మిరప ఉప్పును ఓర్చుకోలేదు. ఒడ్డు ఇసుక వద్దు. కొబ్బరి పొట్టును కూడా రెండు మూడు నీళ్లలో కడిగి పిండాకే వాడండి. బోరు నీరు ఉప్పగా ఉంటే చూరు కింద వాన నీళ్లు పట్టి దాచుకోండి.

5. సిరిమాను నాటికి నారు మార్చండి

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను దసరా తర్వాత వచ్చే మంగళవారం తిరుగుతుంది. చవితి వెళ్లగానే వేసిన గింజకు అప్పటికి సుమారు 40 రోజులు. నారు కుండీలోకి మార్చడానికి అదే సరైన వయసు. సాయంత్రం పూట, వేళ్ల చుట్టూ ఉన్న ముద్ద చెదరకుండా దించి, కుండీకి ఒక్క మొక్కే నాటండి. పది ఆకులు వచ్చాక కొస తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది.

6. వాన పని: నీళ్లు, తిండి

వేలు ఒక కణుపు లోతు మట్టిలో పెట్టి చూడండి. పొడిగా తగిలితేనే, అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పోయండి. పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. మూడు వారాలకోసారి గుప్పెడు గత్తం చాలు. యూరియా వేస్తే ఆకు ఏపుగా వస్తుంది, పూత వెనకబడుతుంది.

7. గాలి పని, తేనెటీగ పని

గాలి తగలని మొక్కకు కాడ గట్టిపడదు. రోజూ ఒకసారి అరచేత్తో కొసల్ని మెల్లగా నిమరండి, లేదా కాసేపు ఫ్యాను చిన్నగా తిప్పండి.

తెల్లటి పువ్వు విచ్చాక దగ్గరగా చూడండి. మధ్యలో ఊదారంగు పుప్పొడి తిత్తులు, వాటి నడుమ సన్నటి కీలాగ్రం కనిపిస్తాయి. ఆడా మగా ఆ ఒక్క పువ్వులోనే ఉంటాయి. ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య పూకాడను గోటితో రెండుసార్లు మీటితే పుప్పొడి రాలి అంటుకుంటుంది. రోజూ చేయండి. కాడ పసుపెక్కిన పువ్వు రాలిపోతుంది. కాడ పచ్చగా ఉండి రేకులు వాడితే పిందె పట్టినట్టే.

8. ముడతను ఆకు ఆకారంతో పోల్చుకోండి

ఆకు అంచులు దోనెలా పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. 2021–22లో నల్ల తామర పురుగు తెలుగు రాష్ట్రాల మిరప తోటల్ని ఎంత దెబ్బతీసిందో రైతులకు తెలుసు. ఇంట్లోని ఒక్క మొక్కను కాపాడడం తేలిక. ఆకుల వెనక నీళ్లతో కడిగి, సాయంత్రం లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి చల్లండి. వారానికోసారి, మూడు వారాలు. అయినా కొత్త ఆకులు ముడుచుకుపోయి మొక్క గిడసబారితే అది వైరస్ కావచ్చు. పక్క మొక్కల కోసం దాన్ని పీకేయండి.

9. సంక్రాంతికి కోయండి

పూసిన మూడు, నాలుగు వారాలకు కాయ కోతకు వస్తుంది. లాగితే కొమ్మ విరుగుతుంది కాబట్టి తొడిమతో సహా కత్తెరతో కత్తిరించండి. కోసినకొద్దీ మళ్లీ పూస్తుంది. కారం ప్రధానంగా ఉండేది గింజలో కాదు, గింజలు అంటుకున్న తెల్లటి పొరలో. తరిగాక చెయ్యి మండితే ముందు నూనె రాసుకుని తర్వాత సబ్బుతో కడగండి. నోటికైతే పెరుగు.

కాపు తగ్గిందని మొక్కను పారేయకండి. మిరప రెండు మూడేళ్లు బతకగలదు. వేసవి ముందు కొమ్మలు సగానికి కత్తిరించి తూర్పు కిటికీకి మార్చితే మళ్లీ చిగురిస్తుంది. కోసేటప్పుడు బాగా కాసిన కొమ్మ మీద ఒక్క కాయను వదిలేయండి. అది చెట్టునే ఎర్రగా పండి ముడతలు పడ్డాక గింజలు తీసి, నీడలో ఆరబెట్టి, కాగితంలో పొట్లం కట్టి తేదీ రాసుకోండి. వచ్చే చవితికి గింజ కొనక్కర్లేదు.