లోకల్ సీటు

విజయనగరం



నిన్న రాత్రి ఫోన్లో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయావు. "ఏయూలో ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ సీటు వచ్చేలా ఉంది పెద్దమ్మా, కానీ లోకల్ యూనివర్సిటీయేగా అంటున్నారందరూ" అన్నావు. ఆ 'యేగా' దగ్గర నీ గొంతు పడిపోయింది. మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్ల గొంతు అలా ఉండకూడదు. ఆ రాత్రంతా అదే మనసులో మెదిలింది. ఫోన్లో చెప్పే సంగతి కాదని రాస్తున్నాను. వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు రెండుసార్లు చదువు. మీ నాన్నకీ చదివి వినిపించు.

ముందు ఆ మాట సంగతి తేల్చుకుందాం. మన దగ్గర 'లోకల్' చిన్నచూపుకి పుట్టిన మాట కాదు. 1969లో తెలంగాణలో, 1972లో ఆంధ్రలో ఉద్యమాలు రేగాక రాజ్యాంగంలో 371-డి అధికరణం చేర్చారు. దాని కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం నూటికి 85 సీట్లు ఆయా ప్రాంతాల పిల్లలవి. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం. సీమ జిల్లాలూ నెల్లూరూ కలిపి వెంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. మా చదువు మా పిల్లలకి దక్కాలని జనం రోడ్డెక్కితే వచ్చిన హక్కు అది. నీ దరఖాస్తులో 'ఏయూ లోకల్' అని ఉంటుంది చూడు, దానికి తలదించుకోవలసిన పని లేదు.

ఇక డబ్బు. మీ అమ్మ నాతో అంతా చెప్పింది. నిన్ను చేర్చాలనుకుంటున్న ప్రైవేటు యూనివర్సిటీలో ఫీజూ హాస్టలూ కలిపి రెండేళ్లకి ఆరు లక్షలు దాటుతుందట. చెరువు కింది ఎకరం తాకట్టు పెడదామని మీ నాన్న ఆలోచన. నీ మీద ఆయనకున్న ప్రేమ నాకు తెలుసు. ఆ ప్రేమని తప్పు పట్టను. కానీ ఆ ఆరు లక్షలతో ఏం కొంటున్నారో, ఏం పోగొట్టుకుంటున్నారో ఇద్దరూ ఒకసారి కూర్చుని చూడండి.

నేను డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లో ఇద్దరమ్మాయిలు ఒకే బెంచీ మీద కూర్చునేవారు. మార్కుల్లో పెద్ద తేడా లేదు. ఒకమ్మాయి ఏయూలో ఆర్గానిక్ కెమిస్ట్రీలో చేరింది. రెండో అమ్మాయిని వాళ్ల నాన్న బ్యాంకు అప్పు తీసి దూరాన ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చేర్చాడు. అక్కడ ఉండగానే ఉద్యోగం వచ్చింది, ఉన్నమాట చెప్పాలి. పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ, క్వాలిటీ కంట్రోల్, షిఫ్టుల పని. జీతంలో పెద్ద ముక్క బ్యాంకు కంతుకే పోయేది. ఏయూలో చదివిన అమ్మాయికి చదువు పూర్తయ్యేనాటికి ఉద్యోగం లేదు. ఊళ్లో పదో తరగతి పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ సీఎస్‌ఐఆర్ నెట్ రాసింది. మొదటిసారి తప్పింది. రెండోసారీ తప్పింది. మూడోసారి జేఆర్‌ఎఫ్, అంటే రీసెర్చి ఫెలోషిప్పు, వచ్చింది. ఇప్పుడు రీసెర్చి చేస్తోంది.

షిఫ్టులు చేసే పిల్ల కూడా నెట్ రాద్దామనుకుంది. ఒక పండగకి ఇంటికొచ్చినప్పుడు నన్ను చూడవచ్చి, "రాత్రి షిఫ్టు దిగాక పుస్తకం తెరిస్తే అక్షరాలు కదులుతున్నాయి మేడమ్, మానేద్దామంటే కంతులున్నాయి" అంది. ఫార్మా ఉద్యోగం తక్కువని నేననను, ఎన్నో ఇళ్లు దాని మీద నిలబడ్డాయి. ఆ అమ్మాయికి అది నచ్చితే నాకు బాధే లేదు. నచ్చలేదు, వదలలేకపోయింది. తెలివిలో ఇద్దరూ సమానమే. ఏడాదిన్నర ఆగగలిగే వీలు ఒకరికి ఉంది, ఇంకొకరికి లేదు.

అప్పు లేని చదువు ఇచ్చేది అదీ అమ్మడూ. ఆగే వీలు. మొదట ఎదురైన ఉద్యోగాన్ని కాదనే వీలు. ఆడపిల్లకి ఇది ఇంకా ముఖ్యం. మన ఇళ్లల్లో ఆడపిల్ల చదువు మీద పెట్టిన ఖర్చు చదువుతో తీరిపోదు. "ఇంత పెట్టి చదివించాం, ఇంకా ఎన్నాళ్లు" అన్న మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. ఆ వెనకే సంబంధాల మాట వస్తుంది. పొలం తాకట్టులో ఉన్న ఇంట్లో "ఇంకో ఏడాది చదువుకుంటాను" అని నువ్వు గట్టిగా అనలేవు. తక్కువ ఖర్చుతో చదివిన పిల్ల ఆ మాట అనగలదు. నేను అన్నాను కనక చెబుతున్నాను. 1986లో ఎం.ఎస్సీ. అయ్యాక మా నాన్నని రెండేళ్లు ఆగమన్నాను. ఆయన ఆగారు. ఆ రెండేళ్లలోనే నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి కూడా గుర్తుంచుకో. 2020 డిసెంబరులో జీవో 77 వచ్చాక ప్రైవేటు కాలేజీల పీజీ పిల్లలకి అది ఆగిపోయింది, ప్రభుత్వ యూనివర్సిటీల్లో చదివేవాళ్లకి ఉంచారు. విద్యార్థి సంఘాలు ఆ జీవో రద్దు చేయమని పోరాడుతూనే వచ్చాయి. మీ నాన్న లెక్క వేసేటప్పుడు ఈ ఏడు ఏ నిబంధన నడుస్తోందో కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్‌లో కనుక్కుని వేయమను.

అయితే డబ్బు తక్కువన్న ఒక్క కారణంతో ఎక్కడా చేరకూడదు. అక్కడ చదువు ఉండాలి. ఉందా?

ఏయూ 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు కొండ మీదికి వచ్చింది. మొదటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. తరవాత రాధాకృష్ణన్‌గారు. మన ఊళ్లకి పైనున్న జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఇచ్చిన సొమ్ముతో సైన్సు కాలేజీ నిలబడింది, దానికి ఆయన పేరే పెట్టారు. సి.ఆర్. రావుగారు లెక్కల్లో పీజీ చేసింది ఇక్కడే. ఇవన్నీ అడ్మిషన్ల పుస్తకంలో వేసుకునే సంగతులు. నాకు వీటన్నిటికన్నా ఇష్టమైనది ఇంకొకటుంది.

1930లలో టి.ఆర్. శేషాద్రిగారు ఇక్కడ కెమిస్ట్రీ విభాగానికి వచ్చారు. ఇంగ్లండులో చదివొచ్చిన మనిషి. వచ్చి ఏం పని ఎత్తుకున్నారో తెలుసా? చుట్టుపక్కల పొలాల్లో పూసే పూలు. పత్తి పూలు, గోగు పూలు. గోగు అంటే మనం పచ్చడి చేసుకునే గోంగూరే. ఆ లేతపసుపు రేకుల్లో రంగునిచ్చే పదార్థమేదో, దాని నిర్మాణమేమిటో ఆయనా ఆయన విద్యార్థులూ తేల్చారు. గోగు పూలలో, దాని అక్కచెల్లెళ్లయిన మొక్కల పూలలో అంతకుముందు ఎవరూ వేరుచేయని ఫ్లేవనాయిడ్లు దొరికాయి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి యూనివర్సిటీ గుంటూరు తరలిపోయినా పని ఆగలేదు. 1949లో ఆయన ఢిల్లీ వెళ్లారు, తరవాత రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఆయన శిష్యులు ఇక్కడ మొక్కల రసాయనాల మీద పని కొనసాగించారు. ఆర్గానిక్ పేపర్లో ఫ్లేవోన్ల పాఠం వచ్చినప్పుడు నా క్లాసులో ఈ సంగతి చెప్పకుండా ఎప్పుడూ ముందుకి వెళ్లలేదు. మీ పెరట్లో గోగుపువ్వుని ఈసారి కాస్త ఆగి చూడు. లోకల్ అంటే అదీ.

కానీ తొంభై ఏళ్ల నాటి పేరు చూసి చేరమని నేననను. 2023లో న్యాక్ ఏయూకి ఏ ప్లస్ ప్లస్ గ్రేడు ఇచ్చింది, దాన్ని చూసి కూడా చేరొద్దు. గ్రేడు మొత్తం యూనివర్సిటీకి ఇస్తారు. నువ్వు రెండేళ్లు గడిపేది ఒక్క డిపార్ట్‌మెంటులో, ఒక్క ల్యాబులో, ఓ అయిదారుగురు మాస్టార్ల ముందు.

ఇక్కడ నీకు నిజం చెప్పాలి. రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలన్నీ ఏళ్ల తరబడి రెగ్యులర్ నియామకాలు లేక నీరసించాయి. ఒక్కో ప్రొఫెసర్ రిటైరవుతుంటే ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోతోంది. కాంట్రాక్టు మీద, గంటకింత అని వచ్చే గెస్ట్ ఫ్యాకల్టీ మీద తరగతులు నడుస్తున్నాయి. వాళ్లలో అద్భుతంగా చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్ల కడుపులో రేపటి భయం ఉంటుంది, అది పాఠం మీద పడుతుంది. ఇది పిల్లలకి జరుగుతున్న అన్యాయం. ముప్పై ఏళ్లు ప్రభుత్వ కాలేజీల్లో పనిచేసినదాన్ని, నాకిది సొంత ఇంటి గోడ బీటలు చూసినట్టుంటుంది.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి. అక్కడ నిన్ను ఎవరూ తోలరు. ఇంటర్లో నిన్ను తెల్లవారుజామున లేపారు, ఆదివారం పరీక్ష పెట్టారు, మార్కులు మీ నాన్న ఫోన్‌కి పంపారు. డిగ్రీలోనూ నేనో ఇంకో మేడమో వెనక పడ్డాం. యూనివర్సిటీలో లైబ్రరీ తలుపు తెరిచి ఉంటుంది, లోపలికి రమ్మని పిలిచేవాళ్లు ఉండరు. అదే గేటు లోంచి ఒకమ్మాయి సైంటిస్టయి బయటికొస్తుంది, ఇంకో అమ్మాయి జిరాక్స్ నోట్సుతో పాసయి వస్తుంది. ప్రైవేటువాళ్లు ఈ ఒక్క విషయంలో గట్టి. హాజరు, ఇంటర్వ్యూ శిక్షణ, కంపెనీల్ని పిలవడం అన్నీ వాళ్లే చూసుకుంటారు. వెనక ఒకరు లేకపోతే నువ్వు కదలని మనిషివైతే నాకు ఆ మాట దాచకుండా చెప్పు, అప్పుడు వేరే ఆలోచిద్దాం. కానీ పదమూడో ఏట నువ్వు మా ఇంటికొచ్చి, నా పాత బ్యూరెట్ అడిగి తీసుకుని, నిమ్మరసంతో టైట్రేషన్ చేసి చూపించావు. ఎవరూ చెప్పకుండానే చేశావు. అందుకే నాకు ధైర్యం.

నేను 1984లో ఏయూలో చేరినప్పుడు డిగ్రీ దాకా తెలుగులో చదివినదాన్ని. మొదటి నెల లెక్చర్ సగం తలకెక్కేది కాదు. పుస్తకం కొనే స్తోమత లేదు. వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో కూర్చుని జెర్రీ మార్చ్ ఆర్గానిక్ కెమిస్ట్రీని నోటు పుస్తకాల్లోకి ఎత్తిరాసుకున్నాను. రోజుకి మూడు పేజీలు. అర్థం కాని చోట పెన్సిలు గీత. శనివారం ఆ గీతలన్నీ పట్టుకుని మా సీనియర్ అక్క గదికి వెళ్లేదాన్ని. సంక్రాంతి సెలవలకి వెళ్లేసరికి ఇంగ్లీషు భయం పోయింది, ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. ఆ నోటు పుస్తకాలు ఇంకా నా బీరువాలో ఉన్నాయి. మా హాస్టలు గదిలో సాలూరు అమ్మాయి, అమలాపురం అమ్మాయి, ఒంగోలు అమ్మాయి. ఒకరి నాన్న కూలి, ఒకరి నాన్న తాసిల్దారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నది ఏ సిలబస్‌లోనూ లేదు. ఇప్పటికీ నాకు కష్టమొస్తే ముందు ఫోన్ చేసేది ఆ ఒంగోలు మనిషికే.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఏదైనా ఐఐటీలోనో నీకు సీటొచ్చి ఉంటే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది, అటే పొమ్మనేదాన్ని. అవీ ప్రభుత్వానివే. ఎం.ఎస్సీ. తరవాత పీహెచ్‌డీకి ఆ తలుపులు మళ్లీ తెరుచుకుంటాయి. జేఆర్‌ఎఫ్‌కి 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు ఇస్తున్నారు. అది చేతికొస్తే నువ్వు ఎవరి ఎకరమూ తాకట్టు పెట్టక్కర్లేదు. నెట్ ప్రశ్నపత్రం మీద నీ కాలేజీ పేరు ఉండదు.

కాబట్టి నేను అడిగేది ఒకటే, చూడకుండా నిర్ణయించుకోవద్దు. రెండు చోట్లా చూద్దాం. సెలవు రోజు కాకుండా పని రోజున వెళదాం. పదకొండు గంటలకి ప్రాక్టికల్స్ నడుస్తున్నాయో లేదో చూడాలి. ఫ్యూమ్ హుడ్‌లో ఫ్యాను తిరుగుతోందా, లేక దాన్ని బీరువాలా వాడుతున్నారా చూడాలి. హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఉందని చెబితే, పోయిన వారం దాని మీద ఎవరు పనిచేశారో అడగాలి. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు పిల్లలు తమ చేతులతో చేస్తున్నారా, ఎక్కడో బైండింగ్ చేయించి తెస్తున్నారా అన్నది సీనియర్లే చెబుతారు. రెగ్యులర్ మాస్టార్లు ఎందరు మిగిలారో నోటీసు బోర్డు మీది టైంటేబుల్ చూస్తే తెలుస్తుంది. ఆ ప్రైవేటు చోట కూడా ఇవే ప్రశ్నలు వేద్దాం. ప్లేస్‌మెంట్ అంటే ఏ కంపెనీ, ఏ ఉద్యోగం, ఎం.ఎస్సీ. పిల్లలకా బీటెక్ పిల్లలకా, ఏడాది తరవాత ఎందరు అక్కడే ఉన్నారు, ఇవన్నీ అడుగుదాం. జవాబులు చూశాక నా మాట తప్పని తేలితే నేనే మీ నాన్నతో ఆ ప్రైవేటు సీటు గురించి మాట్లాడతాను.

ముందు ఏయూకి వెళదాం. శుక్రవారం పొద్దున్న పార్వతీపురంలో రైలెక్కు, విజయనగరంలో నేనూ అదే బండి ఎక్కుతాను. ఎక్కగానే పెట్టె నంబరు ఫోన్ చేసి చెప్పు. ర్యాంకు కార్డు జిరాక్సులు రెండు తెచ్చుకో, ఒరిజినల్స్ వద్దు. ల్యాబులోకి వెళతాం కనక చెప్పులు కాకుండా బూట్లు వేసుకో. మీ నాన్నని కూడా తీసుకురా. మధ్యాహ్నం భోజనం నేను కట్టి తెస్తాను. పని అయ్యాక అవుట్ గేటు దాటి బీచికి దిగుదాం, మీ నాన్నతో ఆ ఎకరం సంగతి అక్కడ కూర్చుని మాట్లాడతాను.

మీ పెద్దమ్మ