పెంట్‌హౌస్ కొనే ముందు స్లాబులు లెక్కపెట్టండి

ప్రశ్న: మాది కొల్లేటికోట. చేపల చెరువుల మీద కూడబెట్టిన సొమ్ముతో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో పెంట్‌హౌస్ కొందామనుకుంటున్నాం. డాబా మొత్తం మాదేనంటున్నారు. కొనవచ్చా?

జవాబు: ఆ ఇల్లు మంజూరైన ప్లాన్‌లో ఉంటేనే కొనండి. అనుమతి పొందిన అంతస్తుల పైన మరో గది వేసి, దానికి పెంట్‌హౌస్ అని పేరు పెట్టి అమ్మడం నగరంలో కొత్తేమీ కాదు. ముద్ర ఉన్న ప్లాన్ కాపీ తెప్పించుకుని అందులోని స్లాబులనూ, భవనం స్లాబులనూ లెక్కపెట్టండి. ఒకటి ఎక్కువ వస్తే బేరం అక్కడే వదిలేయండి. ఇక డాబా సంగతి. 2016 నాటి రెరా చట్టం టెర్రస్‌లను ఉమ్మడి స్థలాల్లో చేర్చింది. మీ ఒక్కరికే కేటాయించిన టెర్రస్ అయినా కార్పెట్ ఏరియాలోకి రాదు. కాబట్టి చదరపు అడుగు ధర గోడల లోపలి కొలతకే కట్టి చూడండి.

ఇంటిపన్ను రసీదు, కరెంటు మీటరు ఉన్నాయి, రిజిస్ట్రేషన్ కూడా అవుతుంది కదా అంటారు. రిజిస్ట్రేషన్ లావాదేవీకి సాక్ష్యమే గానీ కట్టడానికి అనుమతి కాదు. పన్ను రసీదూ అంతే. ఈ మాట మీకు వేరే చెప్పాలా? మీ కొల్లేరులోనే, అభయారణ్యం హద్దయిన అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను 2006లో తెగ్గొట్టినప్పుడు పెట్టుబడి ఎంతన్నది అడ్డు రాలేదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూడకుండా బయానా ఇవ్వకండి.