క్రీడా వైద్యము: స్నాతకోత్తర శిక్షణలో అలవడవలసిన నేర్పులు

క్రీడా వైద్యమనగా ఆటలలో తగిలిన దెబ్బలకు కట్లు కట్టుట మాత్రమేయని పలువురి అభిప్రాయము. ఇది సరికాదు. వ్యాయామమువలన దేహమున కలుగు మార్పుల నెరుగుట, గాయములను నివారించుట, కలిగినవానికి చికిత్స చేయుట, కోలుకొన్న క్రీడాకారుని సురక్షితముగా మరల ఆటకు పంపుట, ఇవి యన్నియు దీని పరిధిలోనివే. మన దేశమున 1961లో పాటియాలాయందు జాతీయ క్రీడా సంస్థ వెలసినది. 2010లో న్యూఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రియందు క్రీడా గాయముల కేంద్రము ప్రారంభమైనది. ఎం.బి.బి.ఎస్. పట్టము పొందినవారు మూడు సంవత్సరముల ఎం.డి. శిక్షణ ద్వారా ఈ శాఖలో నిపుణులు కావచ్చును.

ఈ శిక్షణ లక్ష్యములు మూడు: జ్ఞానము, నేర్పు, వర్తనము. జ్ఞానమును వ్రాతపరీక్ష కొలువగలదు. తక్కిన రెండును రోగి దేహముచెంతను, మైదానముననే పరీక్షకు నిలుచును.

1. చేతి నేర్పు

కబడ్డీలో పాదము నేలకు ఆనియుండగా మోకాలు మెలిపడినచో, కీలులోపలి ముందరి లిగమెంటు తెగవచ్చును. దీనిని కనిపెట్టుటకు లాక్‌మన్ పరీక్ష కలదు. గాయపడినవానిని వెల్లకిల పరుండబెట్టి, మోకాలిని 20 మొదలు 30 డిగ్రీల వరకు వంచి, ఒకచేత తొడను కదలకుండ పట్టి, రెండవచేత మోకాలి దిగువ ఎముకను ముందునకు లాగవలెను. లిగమెంటు చెక్కుచెదరనిచో ఎముక కొలదిగా కదలి గట్టిగా నిలిచిపోవును. తెగినచో ఆ గట్టి నిలుపుదల చేతికి తెలియరాదు. మొదట గాయపడని కాలిని పరీక్షింపవలెను. ఆ మనుష్యునకు సహజమైన కదలిక యెంతయో తెలియనిదే అసహజమును గుర్తింపజాలము.

ఈ స్పర్శజ్ఞానము పుస్తకములవలన రాదు. గురువు ఎదుట పలుమారులు పరీక్షచేసి, తన నిర్ణయమును లాగ్‌బుక్కులో ముందుగా వ్రాసి, పిదప ఎం.ఆర్.ఐ. చిత్రముతోను, శస్త్రచికిత్సలో కనబడినదానితోను సరిపోల్చుకొనుటవలననే అలవడును.

2. మైదానమందలి నేర్పు

దూరపు పరుగు పందెమున ఒకడు తూలుచు, పొంతనలేని మాటలాడుచు కూలినచో వడదెబ్బను శంకింపవలెను. గుదమార్గమున కొలిచిన ఉష్ణత 40 డిగ్రీల సెంటీగ్రేడును మించి, తెలివి చెదరియున్నచో, ఒక్క నిమిషమైనను వృథాచేయరాదు. చంకలోని కొలత ఇట్టియెడ నమ్మదగినది కాదు. ముందు చల్లార్చుట, పిదప తరలించుట, ఇదియే నియమము. మంచునీటి తొట్టిలో మెడవరకు ఉంచి, 30 నిమిషములలోగా ఉష్ణతను 39 డిగ్రీలకు దింపవలెను.

ఎవరి తాకిడియు లేకుండ కుప్పకూలి, పిలిచినను పలుకనివానికి గుండె ఆగినదనియే భావింపవలెను. అట్టివాని దేహము క్షణకాలము మూర్ఛవలె కొట్టుకొనవచ్చును, ఎగశ్వాసయు కనబడవచ్చును. వీనిని చూచి మోసపోరాదు. వెంటనే ఛాతీని ఒత్తుచు డిఫిబ్రిలేటరును తెప్పింపవలెను. ఛాతీని ఒత్తువారును లేనియెడల, విద్యుద్ఘాతము ఆలస్యమగు ప్రతి నిమిషమునకును బ్రదుకు అవకాశము నూటికి 7 మొదలు 10 పాళ్లు తగ్గును.

కావున ఆట ఆరంభము కాకమునుపే తొట్టి యెచ్చటనున్నది, యంత్రమును తెచ్చువారెవరు, ఆంబులెన్సు ఏ ద్వారమున వచ్చును అని నిర్ణయించి, సహాయకులచేత అభ్యాసము చేయింపవలెను. దీనిని ఏర్పాటు చేయగలుగుటయు శిక్షణార్థి నేర్వవలసిన విద్యయే.

3. కాదని చెప్పగల నేర్పు

ఇది అన్నింటికంటె కష్టమైనది. తలకు దెబ్బతగిలిన ఆటగాడు తాను బాగుగనే యున్నానని పలుకును. శిక్షకుడు తొందరపెట్టును. ప్రేక్షకులు కేకలు వేయుదురు. మెదడు అదిరినదను అనుమానము కలిగినచో ఆటగానిని వెంటనే తప్పింపవలెను. ఆ దినమున మరల దింపరాదు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున జరిగిన అంతర్జాతీయ సదస్సును ఈ నియమమునే నిలిపినది. పిదప ఆరు మెట్లలో క్రమముగా ఆటకు మరలింపవలెను. ఒక్కొక్క మెట్టునకు సాధారణముగా 24 గంటలైనను పట్టును.

మందుల విషయమునను ఇట్లే. నిషిద్ధ పదార్థము దేహమున దొరకినచో, తెలియక వాడితినను మాట క్రీడాకారుని తప్పు లేకుండ చేయదు. 2022 జనవరి 1 నుండి కార్టిసోన్ జాతి మందులను పోటీకాలమున ఏవిధమైన సూదిమందుగానైనను వాడుట నిషిద్ధము. భుజపు నొప్పికి వైద్యుడు ఆలోచింపక ఇచ్చిన ఒక్క సూదిమందు క్రీడాకారుని యేండ్ల శ్రమను వ్యర్థము చేయవచ్చును. కావున మందు వ్రాయుటకు ముందు ఆ సంవత్సరపు నిషిద్ధ జాబితాను చూచుట, అవసరమైనచో చికిత్సార్థమైన మినహాయింపునకు దరఖాస్తు చేయించుట అలవాటు కావలెను.

వైద్యునకు జట్టు జీతమీయవచ్చును. అయినను అతని రోగి జట్టు కాదు, క్రీడాకారుడే. రోగి రహస్యమును కాపాడుట, అతని మేలునే ముందుంచుట మొదటి దినమునుండి నేర్వవలసిన ధర్మములు.

గురువులకు ఒక మనవి. మూడవ సంవత్సరాంతమున శిక్షణార్థిని ఎన్ని గ్రంథములు చదివితివని మాత్రమే అడిగిన చాలదు. అతనిని మైదానమున నిలిపి, కూలినవానిచెంతకు అతడెట్లు పోవునో, ఒత్తిడి చేయువారికి ఏమి బదులు చెప్పునో చూడవలెను. ఆడవచ్చునను అనుమతికంటె ఆడరాదను నిర్ణయమునకే ఎక్కువ విద్యయు, ఎక్కువ ధైర్యమును కావలెను. ఆ రెండును గల వైద్యుడున్న మైదానమునకు తల్లిదండ్రులు తమ బిడ్డలను నిశ్చింతగా పంపగలరు.