ఊపిరిలో రోగం జాడ పట్టే కొలువులు

ఇజ్రాయెల్‌లోని హైఫాలో టెక్నియాన్ ప్రొఫెసర్ హొసామ్ హైక్ బృందం బంగారు నానో కణాలు, కార్బన్ నానోట్యూబులతో సెన్సర్లు తయారుచేసి 1,404 మంది ఊపిరిని పరీక్షించింది. 17 రకాల జబ్బులను 86 శాతం కచ్చితత్వంతో వేరుచేయగలిగామని 2017లో ప్రచురించింది. హైక్ డాక్టరు కాదు, కెమికల్ ఇంజినీరు. ఈ రంగం మీద ఆసక్తి ఉన్న విద్యార్థులు ముందుగా గమనించాల్సింది ఇదే.

సూత్రం అంత కష్టమేమీ కాదు. ఉదాహరణకు, షుగర్ బాగా అదుపు తప్పితే ఊపిరిలో అసిటోన్ పెరిగి, పళ్ల వాసన లాంటిది వస్తుంది. దాన్ని పట్టే సెన్సర్‌లో చిన్న అల్యూమినా పలక మీద దువ్వెన పళ్లలా ఎలక్ట్రోడ్లు, పైన టంగ్‌స్టన్ ఆక్సైడ్ నానో పూత, అడుగున హీటర్ ఉంటాయి. వేడెక్కిన పూత గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని తన ఎలక్ట్రాన్లను దానికి ఇచ్చేస్తుంది. అసిటోన్ తగిలితే ఆ ఆక్సిజన్ ఖర్చయిపోయి ఎలక్ట్రాన్లు పూతలోకి తిరిగొస్తాయి, రెసిస్టెన్స్ పడిపోతుంది.

పెద్ద చిక్కు తేమతోనే. ఊపిరిలో నీటి ఆవిరి సుమారు 5 శాతం. అసిటోన్ మాత్రం పది లక్షల వంతుల్లో ఒకటో రెండో. పొడి గాలిలో చక్కగా పనిచేసిన సెన్సర్ మనిషి ఊపిరి దగ్గరకొచ్చేసరికి తడబడుతుంది. తిన్న తిండి, తాగిన సిగరెట్టు, గదిలో గాలి కూడా లెక్క మార్చేస్తాయి. కొత్త పదార్థాలు చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. నా దృష్టిలో అసలు కొరత ఈ గందరగోళంలోనూ నమ్మదగ్గ కొలత తీసేవాళ్లకే.

పూత పని కెమిస్ట్రీ, ఫిజిక్స్, మెటీరియల్స్ వాళ్లది. సర్క్యూట్ ఈసీఈ వాళ్లది. పలు సెన్సర్ల సంకేతాల నుంచి జబ్బును పోల్చుకునే మెషీన్ లెర్నింగ్ కంప్యూటర్ సైన్స్ వాళ్లది. ఒట్టి బీటెక్‌తో ఈ పేరుమీద ఉద్యోగాలు తక్కువే, ఎక్కువ అవకాశాలు పరిశోధనలోనే. గేట్ గానీ, సీఎస్‌ఐఆర్-నెట్ జేఆర్‌ఎఫ్ గానీ రాసి పీహెచ్‌డీ వైపు వెళ్లాలి. బెంగళూరు ఐఐఎస్సీలోని నానో సైన్స్ కేంద్రం, హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ చూడదగ్గవి. ఐఎన్‌యూపీ (ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్) పథకం కింద బయటి కాలేజీల వాళ్లకూ ఐఐఎస్సీ, ఐఐటీ బాంబేలలో శిక్షణ దొరుకుతుంది. అక్కడ నేర్చిన పని గాలి కాలుష్యాన్ని కొలిచే పరికరాల కంపెనీల్లోనూ అక్కరకొస్తుంది.

ఫైనలియర్ ప్రాజెక్టుకు ఎమ్‌క్యూ-3 సెన్సర్ కొనండి. టిన్ ఆక్సైడ్‌తో చేసిన ఈ ఆల్కహాల్ సెన్సర్ చవగ్గానే దొరుకుతుంది. ఆర్డుయినోకు కలిపి, పక్కన తేమ కొలిచే సెన్సర్ పెట్టి, ఒకే వాయువుకు వేర్వేరు తేమల్లో రీడింగు ఎలా మారుతుందో కొన్ని వారాలపాటు నమోదు చేయండి. ల్యాబ్‌లో చోటడుగుతూ ప్రొఫెసర్‌కు మెయిల్ రాసేటప్పుడు మార్కుల జాబితా కంటే ముందు ఆ రీడింగుల గ్రాఫు జతచేయండి.