వసంతకాలపు ఎండలు – వాతావరణ సూచనలు

పంచాంగము ననుసరించి చైత్ర వైశాఖములు వసంత ఋతువు. అయినను మన తెలుగు నేలపై ఆ రెండు నెలలును ఎండాకాలమే. మిరప కల్లములకు చేరుట, మామిడి కాయ ముదురుట, రబీ వరి కోతకు వచ్చుట, బావులలో నీరు అడుగంటుట – ఇవన్నియు ఆ దినములలోనే జరుగును. కావుననే ఫిబ్రవరి మాసాంతమునకు "ఈ యేడు ఎండలు ఎట్లుండును?" అను ప్రశ్న ప్రతి రచ్చబండ పైనను వినవచ్చుచుండును. భారత వాతావరణ శాఖ 2016 నుండి వేసవి ఉష్ణోగ్రతలను గూర్చిన అంచనాను ప్రతి సంవత్సరము ముందుగనే ప్రకటించుచున్నది. ఈ అంచనా ఒక తరహా సమాచారము. రేపటి ఎండను గూర్చిన సూచన మరియొక తరహా సమాచారము. రెంటిని ఒకే త్రాసున తూచిన గ్రామమునకు నష్టము తప్పదు.

2025వ సంవత్సరమున జరిగినదానిని చూడుడు. మార్చి మొదలు మే వరకు దేశమున అధిక భాగములందు పగటి ఉష్ణోగ్రతలు సాధారణమును మించునని ఫిబ్రవరి చివర ప్రకటన వెలువడెను. మార్చి 31న వెలువడిన మరియొక ప్రకటనలో ఏప్రిల్ నుండి జూన్ వరకు అటులనే యుండునని చెప్పిరి. తీరా మే నెలలో దేశమంతటను కలిపి సగటున 126.7 మిల్లీమీటర్ల వర్షము కురిసెను. 1901 నుండి గల లెక్కలలో ఏ మే నెలలోను అంత వర్షము లేదు. పగటి ఉష్ణోగ్రతల సగటు సాధారణము కంటె సుమారు డిగ్రీన్నర తగ్గెను. జూన్ 1న కేరళకు రావలసిన నైరృతి ఋతుపవనములు మే 24ననే వచ్చి, 26వ తేదీకి రాయలసీమలోను, తెలంగాణములోను కొన్ని భాగములకు ప్రవేశించెను. రోళ్ళు పగిలించునని పేరు పడిన రోహిణి కార్తె ప్రవేశించిన మరునాడే ఆకాశము మబ్బు పట్టినది!

వాతావరణ శాఖవారు ఏమియు తెలియక చెప్పిరా? అట్లనుట న్యాయము కాదు. మే నెలలో వర్షము కూడ సాధారణమునకు మించవచ్చునని వారు ఏప్రిల్ 30న చెప్పియే యుండిరి. ఆ మాట ఎండల వార్త పోయినంత దూరము పోలేదు. ఎండ అనిన వార్తకు కాళ్ళెక్కువ.

అసలు ఈ అంచనాను ఎట్లు వేయుదురో తెలిసికొనిన పక్షమున దాని బలాబలములు బోధపడును. 1991 మొదలు 2020 వరకు గల ముప్పది సంవత్సరముల సగటును "సాధారణము" అందురు. ఆ ముప్పది వేసవులను ఎండ తీవ్రతను బట్టి వరుసగా పేర్చి మూడు కుప్పలు చేసితి మనుకొనుడు: పది చల్లనివి, పది మధ్యస్థములు, పది వేడివి. ఏమియు తెలియనివాడు రాబోవు వేసవి ఏ కుప్పలో చేరునని చెప్పవలసి వచ్చినచో, ఒక్కొక్క కుప్పకు నూటికి ముప్పది మూడు పాళ్ళు అవకాశ మిచ్చును. వాతావరణ శాఖ సముద్రజలముల వేడిని, గాలుల తీరును గణనయంత్రములకు ఎక్కించి, ఆ పాళ్ళను మార్చి చెప్పును. వేడి కుప్పకు 55 పాళ్ళు వచ్చినవని తలంతుము. అంతట "సాధారణము కంటె అధికము" అని పటమున ఎరుపు రంగు వేయుదురు. కాని మిగిలిన 45 పాళ్ళు ఎచ్చటికి పోయినవి? అవి ఎచ్చటికిని పోలేదు, ఆ రంగు చాటుననే ఉన్నవి. అట్టి సూచనలు నూరు చేసిన యెడల నలుబది అయిదు తప్పుటయే లెక్క ప్రకారము సరి.

రెండవ విషయము. ఆ అంచనా సగటును గూర్చినది. మూడు నెలల సగటు ఒక డిగ్రీ పెరిగినను నడుమ నాలుగు దినములు వడగండ్లు పడుటకు అడ్డేమియు లేదు. పైగా నేల బాగుగ కాగిన దినములలో బంగాళాఖాతమునుండి తేమగాలి లోనికి వచ్చి, వాయవ్యపు పొడిగాలిని తెలంగాణము మీదుగా తాకినప్పుడు, సాయంకాలమునకు ఉరుములు, ఈదురుగాలులు, వడగండ్లు పుట్టును. రేడియోలో చెప్పు "ద్రోణి" ఇట్టి కలయిక జరుగు చోటే. అనగా గాలివానకు ఎండయే బలమిచ్చును. ఎండ హెచ్చునన్న సూచన వాన రాదన్న హామీ కానే కాదు.

ఈ సంగతి 2023లో రైతులకు చాల ఖరీదుకు తెలిసినది. ఆ యేటి ఫిబ్రవరి, పగటి ఉష్ణోగ్రతల సగటులో, 1901 తరువాత అత్యంత వేడియైన ఫిబ్రవరి. దేశమున తూర్పు, ఈశాన్య, మధ్య ప్రాంతములలో వేసవి తీవ్రముగ నుండునని అంచనా వెలువడెను. మిగిలిన ప్రాంతములలో సాధారణముగనో, అంతకు తక్కువగనో ఉండవచ్చునని అందే యున్నది. జనుల నోట మాత్రము "ఈసారి నిప్పులు కురియును" అనునదే మిగిలెను. మార్చి మధ్యలో వికారాబాదు, సంగారెడ్డి ప్రాంతములలో నేల తెల్లబడునట్లు వడగండ్లు పడెను. ఖమ్మము, మహబూబాబాదు, వరంగల్లు, కరీంనగరము జిల్లాలలో మొక్కజొన్న, మిరప, మామిడి దెబ్బతినగా, ఎకరమునకు 10,000 రూపాయల సహాయమును ప్రభుత్వము ప్రకటించినది. అంతటితో పోలేదు. ఏప్రిల్ చివర, మే మొదట కురిసిన వానలకు కొనుగోలు కేంద్రములలో ఆరబోసిన ధాన్యము తడిసినది. చేనిలో పోయిన పంట ఒక దుఃఖము; కోసి, నూర్చి, కుప్ప పోసిన పిదప కండ్ల ముందు మొలకెత్తు ధాన్యము మరియొక దుఃఖము. మొదటిదానిని ఆపుట మన చేతిలో లేదు. రెండవదానిలో కొంతభాగము టార్పాలినుల లెక్కతో ఆగునది.

ఇట్లు తప్పుచున్నవి గదాయని ఎండల హెచ్చరికను పెడచెవిని పెట్టుట ఇంతకంటె పెద్ద పొరపాటు. 2015 మే మాసాంతమున వీచిన వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశమందే 1,300 మందికి పైగా మరణించిరి. వారిలో ఎండలో కూలిపనికి పోయినవారు, వృద్ధులు ఎక్కువ. 2024లో అంచనా ఫలించినది. ఏప్రిల్ నెలలోనే రాయలసీమ మొదలు ఒడిశా, బెంగాలు వరకు వడగాడ్పులు వీచినవి. అంతకు ముందటి సంవత్సరము పసిఫిక్ మహాసముద్రమున ఎల్ నినో ఏర్పడి, సముద్రము వేడెక్కి యుండెను. సముద్రము మెల్లగ కాగి మెల్లగ చల్లారునది కనుక, అట్టి సంవత్సరములలో నెలల ముందు చెప్పిన మాటకు కొంత బలముండును. గాలి అట్టిది కాదు. పది దినములు దాటిన పిదప ఫలానా దినమున ఫలానా ఊరిలో ఏమి జరుగునో చెప్పుట ఎవరి తరమును కాదు.

కావున పంచాయతీ ఏ పనికి ఏ సూచనను ఆధారము చేసికొనవలెను? బోరుబావుల మరమ్మతు, పశువుల తొట్లు, చలివేంద్రముల ఏర్పాటు మొదలగునవి వారములు పట్టు పనులు. వీనిని ఋతువు అంచనాను బట్టి ముందుకు జరుపవచ్చును గాని, "ఈ యేడు చల్లగా నుండు"నను మాట విని మానుకొనరాదు. ఎండలు రాకున్న చలివేంద్రము వలన పోవునది స్వల్పము. వచ్చినప్పుడు లేకున్న పోవునది మనిషి. కోత, నూర్పిడి, ధాన్యము తరలింపు, ఉపాధి పనుల వేళలు మాత్రము మూడు నుండి అయిదు దినముల సూచనను బట్టియే నడువవలెను. ఇందును మొదటి రెండు దినముల మాట గట్టిది. అయిదవ దినమునకు కొంత సడలును. కనుక సోమవారము విన్నదానితో శుక్రవారపు పని నిర్ణయింపక, గురువారము మరల వినవలెను.

సూచనలోని పదములకు కొలతలున్నవి. "ఒకటి రెండు చోట్ల వర్షము" అనిన, ఆ ప్రాంతపు కేంద్రములలో నాలుగవ వంతునకు మించని చోట్ల అని అర్థము. మన ఊరిలో పడకున్న సూచన తప్పినట్లు కాదు. మైదానములలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరి, సాధారణము కంటె 4.5 డిగ్రీలు హెచ్చినప్పుడు గాని, లేదా 45 డిగ్రీలు తాకినప్పుడు గాని వడగాడ్పు అందురు. సముద్రతీరమున 40కి బదులు 37 డిగ్రీలు చాలును. దీనిలో ఒక చిక్కు కలదు. సాధారణముగ 41 డిగ్రీలుండు ఊరిలో 44 వచ్చినను అది వడగాడ్పు లెక్కలోనికి రాదు. పైగా ఆ కొలత నీడలో, గాలి ఆడు తెల్లని పెట్టెలో నుంచిన ఉష్ణమాపకముది. మిట్టమధ్యాహ్నము గడ్డపార పట్టిన మనిషికి పెట్టెలోని నీడ లేదు. కావున ఎరుపు, నారింజ రంగు హెచ్చరికల కొరకు వేచియుండక, పసుపు నాడే పని వేళలను ఉదయమునకు మార్చుట మేలు.

2024 అక్టోబరు 24 నుండి గ్రామపంచాయతీ స్థాయిలో అయిదు దినముల సూచన ఈ–గ్రామస్వరాజ్, మేరీ పంచాయత్ అను సాధనముల ద్వారా అందుచున్నది. ఊరి పేరుతో అంకె కనబడుట సంతోషమే. ఐనను అది ఊరిలో కొలిచిన అంకె కాదు, గణనయంత్రము వేసిన లెక్క. 2025 మే 26న ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ పద్ధతి సయితము దేశమును ఆరేసి కిలోమీటర్ల గళ్ళుగా విభజించి చూచును. ఒక్కొక్క గడిలో 36 చదరపు కిలోమీటర్ల నేల యుండును. చెరువు క్రింది పల్లెకును, గుట్ట ప్రక్క పల్లెకును ఒకే గడి కావచ్చును.

ఆ భేదమును తెలిసికొనుటకు పంచాయతీ కార్యాలయమున ఒక ఉష్ణమాపకమును నీడపట్టున వ్రేలాడదీసి, మధ్యాహ్నము మూడు గంటలకు చూచి, ఆ దినమునకు సూచనలో చెప్పిన అంకెను, కనబడిన అంకెను, వాన పడినదా లేదా అనుదానిని ఒక పుస్తకమున వ్రాయించుచుండవచ్చును. మార్చి 1న మొదలిడిన ఈ పుస్తకము కోతల నాటికి అరువది పంక్తులు దాటును. ధాన్యము కల్లము చేరుదినములలో టార్పాలినులు ఎవరి యింట ఎన్ని యున్నవో ఆ పుస్తకపు చివరి పుటలోనే వ్రాసి యుంచుట సౌకర్యము.